బావిలోకి దిగిన ఇంజను

రెండోసారి కడుపు పోయినప్పుడు మిషన్ దవాఖానలో నర్సమ్మ ఎలీశమ్మను అడిగింది, ఏం పని చేస్తావని.

“మోట తోల్తనమ్మా,” అంది ఎలీశమ్మ.

ఎడ్లతో బావి నీళ్లు తోడే మోట అంటే నర్సమ్మకు తెలుసు. ఆమె కూడా పల్లెలో పుట్టిన మనిషే. దుప్పటి సర్ది, వరండాలో కూర్చున్న దానియేలును లోపలికి పిలిచింది. “ఈమెతోని ఇంక ఎడ్లు తోలిస్తే మూడోది కూడ నిలవదు,” అని చెప్పింది. దానియేలు తల దించుకుని విన్నాడు. ఎడ్లు తోలకపోతే నీళ్లు రావు, నీళ్లు రాకపోతే కూరగాయలు లేవు, అవి లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ సంగతి నర్సమ్మతో చెప్పి లాభం లేదని ఊరుకున్నాడు.

వాళ్ల తోట దిల్‌సుఖ్‌నగర్ దాటి నాగోలుకు పోయే బండ్ల బాట పక్కన ఉండేది. ఇప్పుడు ఎల్బీ నగర్ చౌరస్తా అంటున్న చోట ఆ రోజుల్లో విజయవాడ రోడ్డూ సాగర్ రోడ్డూ విడిపోయేవి. రెండు చాయ్ హోటళ్లు, లారీలు ఆగే ఖాళీ జాగా, అంతే. మిగిలినదంతా ద్రాక్ష తోటలు, కూరగాయల మడులు, రాళ్ల గుట్టలు. భువనగిరి పక్క పల్లె నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చి ఆ ఇద్దరూ ఈ తోటను కౌలుకు పట్టారు. వంకాయ, టమాట, తోటకూర, కొత్తిమీర పండించేవారు. తోలు కుట్టే పని దానియేలుకు తండ్రి నుంచి వచ్చింది. తన మోటకు తోలు తొండం తనే కుట్టుకునేవాడు. చుట్టుపక్కల తోటల వాళ్లు కూడా చినిగిన తొండాలు తెచ్చి ఆయన ముందు పడేసి పోయేవారు.

తెల్లవారకముందే మోట మొదలయ్యేది. దానియేలు మడుల్లో నీళ్లు మళ్లించేవాడు. ఎలీశమ్మ ఎడ్ల వెంట దిగుడు దారిలో కిందికి పోవడం, మళ్లీ వాటిని వెనక్కి నడిపిస్తూ పైకి రావడం. పగ్గం పట్టీ పట్టీ అరచేతులు ఎద్దు గిట్టల్లాగా గట్టిపడిపోయాయి. నడుము ఎప్పుడు నొప్పి లేకుండా ఉందో ఆమెకు గుర్తు లేదు.

దవాఖాన నుంచి వచ్చిన నెలకు దానియేలు ఎడ్లను సంతలో అమ్మేశాడు. ఒక ద్రాక్ష తోట ఆసామి కరెంటు మోటారు పెట్టుకుని మూలకు పడేసిన పాత ఆయిలింజను కొని, బండి మీద వేసుకుని తెచ్చాడు. దాన్ని నడిచేలా చేయడానికి వచ్చినవాడే భానుమూర్తి.

భానుమూర్తిది కోస్తాలో రేపల్లె వైపు. రాణిగంజ్‌లో ఒక ఇంజన్ల షాపులో ఫిట్టరు. దిల్‌సుఖ్‌నగర్‌లో రేకుల ఇంట్లో భార్య లలితకుమారితో అద్దెకు ఉండేవాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ జేబులో ఒక నూనె గుడ్డ. పొద్దున్నించి ఇంజను విప్పి పరిచి, ఒక్కొక్క సామాను కిరసనాయిల్లో కడిగి, మధ్యాహ్నానికి చేతులు తుడుచుకుంటూ, “ఏమ్మా, కాసిని మంచినీళ్లిస్తావా?” అని అడిగాడు.

ఎలీశమ్మ కదల్లేదు. వాళ్ల కుండలో నీళ్లు ఆ దారిన పోయే ఎవరూ తాగేవారు కాదు. దానియేలు నసుగుతూ, “మేము... మా దాంట్ల తాగుతరా సారు?” అన్నాడు.

“దాహమేస్తుంటే ఎందులో తాగితే ఏంటయ్యా,” అని భానుమూర్తే లేచి వెళ్లి ముంత ముంచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆయన సారు కాదు, మూర్తన్న అయ్యాడు.

సాయంత్రం హ్యాండిలు తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పున లేచింది. కాసేపటికి తొట్టిలోకి నీళ్లు దూకాయి, మనిషి తొడంత లావు ధార. ఎలీశమ్మ ఆ ధార కింద రెండు చేతులూ పెట్టి నిలబడింది. నీళ్ల వేగానికి చేతులు నిలవలేదు. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. చాలాసేపు నవ్వింది.

“ఎద్దులు గడ్డి అడుగుతయి, ఇది నూనె అడుగుతది. అయితే పడుకున్నప్పుడు ఏం అడగది,” అన్నాడు దానియేలు మురిసిపోతూ.

మర్నాడు పొద్దెక్కేదాకా ఎలీశమ్మ పడుకుంది. పెళ్లయ్యాక అలా పడుకోవడం అదే మొదలు. దానియేలు లేపలేదు. ఆ ఏడు వాళ్లు ఇంకో మెట్ట చెలక కూడా తడిపారు. ఎండాకాలంలో కూడా టమాట కాసింది. ఆదివారం ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని చర్చికి పోవడానికి తీరిక దొరికింది.

ఇబ్బందులు కూడా లేకపోలేదు. బావి ఒడ్డున ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి పడేది. ఇంజను పక్క మడిలో కొత్తిమీరను మార్కెట్టులో మారుబేరగాళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని, “ఏందయా, గాసునూనె వాసనొస్తున్నది,” అని పక్కకు తోసేవారు. దానియేలు ఆ మడిలో కొత్తిమీర మానేసి వంగ పెట్టాడు. తొండాలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లూ తగ్గిపోయారు. ఒకరిని చూసి ఒకరు తోటలన్నింటా ఇంజన్లు పెట్టారు. పొద్దున్నే ఆ బాటన నడిస్తే ఇరుపక్కలా టుకు టుకుమని అదే చప్పుడు.

పక్క తోట ముసలాయన లచ్చయ్య మాత్రం మోట వదల్లేదు. బావి గట్టున కూర్చుని లోపలికి చూస్తూ అనేవాడు, “మోట గుంజితె బావికి ఊట ఊరెటందుకు యాళ్ల దొరుకుతుండె. గిట్ల దినమంత గుంజితె అదెక్కడికెల్లి తెస్తది?”

లచ్చయ్య అన్నట్టే అయింది. మొదటి ఎండాకాలం నీళ్లు కొంచెమే తగ్గాయి. రెండో ఎండాకాలం అడుగు రాళ్లు కనబడ్డాయి. మూడో ఎండాకాలం వచ్చేసరికి ఒడ్డు మీది ఇంజనుకు నీళ్లు అందలేదు. అది 1969వ సంవత్సరం. ఎలీశమ్మకు అప్పుడు మళ్లీ కడుపు. ఈసారి నిలిచింది. ఆరో నెల నడుస్తోంది. దానియేలు ఆమెను బిందె కూడా ఎత్తనిచ్చేవాడు కాదు.

ఆ సంవత్సరం మొదటి నుంచే పట్నం ఉడికిపోతోంది. దానియేలు అన్న కొడుకు సుందరయ్య పియుసి పాసై, టైపు నేర్చుకుని, ఉద్యోగానికి తిరిగి తిరిగి వేసారినవాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం స్ట్రైకులు మొదలవగానే అందులో కలిశాడు. వచ్చినప్పుడల్లా, “మన నౌకర్లన్ని బయటోళ్లకు పోతున్నయి చిన్నాయనా. గిప్పుడు గాకుంటె ఇంకెన్నడు అడుగుతం?” అనేవాడు. దానియేలు కూడా, “నువ్వన్నది నిజమే బిడ్డా,” అనేవాడు. నిరాహార దీక్షల్లో కూర్చున్న కాలేజీ పిల్లల టెంట్లకు గంపెడు టమాటలు పంపాడు కూడా.

భానుమూర్తితో ఈ మాట ఎత్తడానికి దానియేలుకు మొహమాటం. చివరికి భానుమూర్తే ఎత్తాడు. “మీవాళ్లు అడిగేదాంట్లో తప్పేం లేదు దానియేలూ. నా బోటివాడు ఎక్కడ పని దొరికితే అక్కడికి వచ్చాడు. ఎవడి పొట్టా కొట్టాలని రాలేదు. మా లలితే భయపడుతోంది. గోడ మీద వెళ్లిపొమ్మని రాశారు.”

“మా దిక్కుకు రా అన్నా. మా గుడిసెల ఉండుర్రి. ఎవడొస్తడో నేను చూస్త.”

భానుమూర్తి నవ్వి, నూనె గుడ్డ జేబులో పెట్టుకున్నాడు.

ఇంజనును బావిలోకి దింపడం తప్ప దారి లేకపోయింది. మోట బావి అయినా అది వెడల్పు లేని గుండ్రటి రాతి బావి, లోతు ఎక్కువ. సగం లోతున రాళ్ల మధ్య దూలాలు బిగించి, మంచెలాగా కట్టి, నలుగురు మనుషులు తాళ్లతో ఇంజనును దాని మీదికి దింపారు. భానుమూర్తి దగ్గరుండి చేయించాడు. పని అయ్యాక పైకి వచ్చి, ఇంజను పొగ గొట్టాన్ని చూపించాడు. అది బావిలోనే, ఒడ్డుకు చాలా కిందనే ఆగిపోయింది.

“దీనికి ఇంకో రెండు ముక్కలు అతకాలి. పొగ ఒడ్డు దాటి బయటకు పోవాలి. లేకపోతే అంతా లోపలే చుట్టుకుంటుంది, మనిషికి ఊపిరాడదు. షాపులో గొట్టం ఉంది, తెచ్చి బిగిస్తాను. అప్పటిదాకా నడపకు.”

“చెట్లు వాడిపోతున్నయన్నా.”

భానుమూర్తి మడుల వైపు చూశాడు. టమాట ఆకులు అప్పటికే ముడుచుకున్నాయి. “మరీ తప్పకపోతే స్టార్టు చేసి వెంటనే పైకి వచ్చేయ్. నడుస్తుండగా మాత్రం లోపలికి దిగొద్దు. నా మీదొట్టు.”

ఆ వారమే పట్నంలో కాల్పులు జరిగాయి. పిల్లలు చనిపోయారు. కర్ఫ్యూ పెట్టారు. షాపులన్నీ తాళాలు వేసుకున్నాయి. బస్సులు ఆగిపోయాయి. గొట్టం రాలేదు, భానుమూర్తీ రాలేదు.

దానియేలు ఇంజను నడిపాడు. హ్యాండిలు తిప్పి, అది అందుకోగానే గబగబా మెట్లెక్కి పైకి వచ్చేవాడు. మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు నూనె పోసి వచ్చాక తల దిమ్ముగా ఉందని చెట్టు కింద పడుకుని వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బ అనుకున్నారు. ఎలీశమ్మ మజ్జిగ కలిపి ఇచ్చింది. “జర రేపు ఆగుదమయ్యా, మూర్తన్న ఒస్తడేమో,” అంది.

“రేపొక్క తడి ఇస్తే కాయ నిలుస్తది. ఎల్లుండి ఆగుదం,” అన్నాడు.

మర్నాడు గాలి లేదు. చెట్ల ఆకు కదలడం లేదు. పొద్దు నడినెత్తికి రాకముందే ధార సన్నబడింది. ఇంజను చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. అడుగున గొట్టం మూతికి చెత్త పట్టి ఉంటుందని దానియేలు అనుకున్నాడు. ఎలీశమ్మ దూరంగా టమాట మడిలో కలుపు తీస్తోంది. ఆయన తలకు తువ్వాల చుట్టుకుని బావిలోకి దిగడం చూసింది. ఇంజను బంద్ చేసి పైకి వస్తాడని అనుకుంది.

చప్పుడు ఆగలేదు.

కొంతసేపు చూసి ఆమె లేచింది. పొట్ట పట్టుకుని ఒడ్డు దగ్గరికి వచ్చి లోపలికి చూసింది. నీలం రంగు పొగ బావి నిండా మసకగా నిలబడి ఉంది. ఆ మసకలో దానియేలు ఇంజను పక్కన మంచె మీద రాతి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, అలసిపోయి కునుకు తీస్తున్న మనిషిలాగా.

“ఏమయ్యా! ఓ ఏమయ్యా! పైకి రా!”

ఇంజను చప్పుడులో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. ఆమె అరుస్తూనే ఉంది. లచ్చయ్య తన తోటలోంచి పరుగెత్తుకొచ్చాడు. ముసలి మనిషి, మెట్లు దిగే కాళ్లు కావు. ఎలీశమ్మ కొంగు నడుముకు బిగించి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

అప్పుడే బాట మీద భానుమూర్తి సైకిలు కనిపించింది. సైకిలుకు అడ్డంగా పొడుగాటి రేకు గొట్టం కట్టి ఉంది. ఎలీశమ్మను చూడగానే సంగతి అర్థమై, సైకిలును అక్కడే పడేసి వచ్చి ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. “నువ్వు కాదమ్మా! నువ్వు దిగితే ఇద్దరు కాదు ముగ్గురు!” అన్నాడు. తొట్టిలో తువ్వాల ముంచి ముఖానికి కట్టుకుని, తను దిగాడు.

ముందు ఇంజను ఆగింది. ఒక్కసారిగా తోటంతా నిశ్శబ్దమైపోయింది. భానుమూర్తి దగ్గుతూ పై మెట్ల దాకా వచ్చి, తల బయటపెట్టి గాలి పీల్చుకుని, లచ్చయ్య చేతిలోని తాడు అందుకుని మళ్లీ దిగాడు. దానియేలు చంకల కింద తాడు వేసి ముడేశాడు. లచ్చయ్య, ఎలీశమ్మ, కేకలు విని వచ్చిన మరో ఇద్దరు కలిసి గుంజారు. కడుపుతో తాడు గుంజొద్దని వాళ్లు అరుస్తున్నా ఎలీశమ్మ వదల్లేదు. దానియేలును ఒడ్డు మీద పడుకోబెట్టాక చూస్తే భానుమూర్తి మెట్ల మీదే కూలబడి ఉన్నాడు. అదే తాడుతో ఆయన్నూ లాగారు. ఆయన నేల మీద బోర్లా పడి, రక్తం వచ్చేదాకా కక్కాడు. బతికాడు.

దానియేలు ముఖం ఎర్రగా, ఎండలో పనిచేసి వచ్చినట్టు ఉంది. పెదవులు కూడా ఎర్రగానే ఉన్నాయి. ఎలీశమ్మ ఆ ముఖం చూసి, “ఏం గాలె, ఏం గాలె, చూడుర్రి మంచిగనే ఉన్నడు,” అంటూ బుగ్గలు తట్టింది. ముఖం మీద నీళ్లు చల్లింది. తువ్వాలతో విసిరింది. లచ్చయ్య ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అటు తిరిగాడు.

అయినా లచ్చయ్య ఎడ్లతో బండి కట్టారు. దవాఖానకు పోదామని ఎలీశమ్మ అంటే కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. బండిలో ఆమె దానియేలు తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లారు. అక్కడి నుంచి ముందుకు దారి లేదు, రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. ఆ మూల మీద ఉండే కాంపౌండరు బయటికి వచ్చి, నాడి చూసి, “తీస్కపోండమ్మా ఇంటికి,” అన్నాడు. ఎలీశమ్మ అప్పుడు ఏడ్చింది. కాలుతున్న టైర్ల పక్కన నిలబడ్డ పిల్లలు కూడా నినాదాలు ఆపి చూశారు.

మర్నాడు పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. చర్చి వెనకాల శ్మశానంలో దానియేలును మట్టిలో పెట్టారు. భానుమూర్తి పెట్టెకు ఒక పక్క భుజం పట్టాడు. నడుస్తుంటే కాళ్లు తడబడుతున్నాయి, ఇంకా ఆయాసం తగ్గలేదు. మట్టి వేయడం అయ్యాక సుందరయ్య వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. వెంట ఇంకొందరు పిల్లలు ఉన్నారు.

“నువ్వే గదా మా చిన్నాయనకు పాతింజను అంటగట్టినోనివి? నువ్వే గదా బావిల దింపిచ్చినోనివి?”

భానుమూర్తి ఔనన్నట్టు తల ఊపాడు.

“మా నౌకర్లు తీస్కుంటరు, మా పాణాలు గూడ తీస్కుంటరా?”

వెంట ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు. అప్పటిదాకా సమాధి పక్కన నేల మీద కూర్చున్న ఎలీశమ్మ చేతులు ఆనించి లేచింది.

“సుందరయ్యా, ఇటు చూడు. మీ చిన్నాయన లోపల కూసొని ఉండంగ నేను ఒర్రితి. ఎవరొచ్చిన్రు? ఈయనొచ్చిండు. దిగిండు. ఒక్కసారి గాదు, రెండుసార్లు దిగిండు. ఈయన మీద చెయ్యేస్తే మీ చిన్నాయన మీద ఏసినట్టే.”

సుందరయ్య కళ్లు నీళ్లతో నిండిపోయాయి. పక్కకు తిరిగి గోడకు తల ఆనించుకుని ఏడ్చాడు. పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

అందరి ముందూ అలా నిలబడ్డ ఎలీశమ్మే, ఇంటికి వచ్చాక, గుడిసె ముందు ఒంటరిగా కూర్చున్న భానుమూర్తితో ఒక్క మాట అంది. అనాలని అనలేదు. లోపలి నుంచి దానంతట అదే వచ్చింది.

“నిన్న కాదు మొన్ననే గొట్టం తెచ్చుంటే ఇట్ల గాకపోవు గదన్నా.”

భానుమూర్తి తల ఎత్తలేదు. కాసేపటికి లేచి, తను తెచ్చిన రేకు గొట్టాన్ని భుజాన పెట్టుకుని బావి వైపు నడిచాడు.

ఆ గొట్టాన్ని ఆ రోజే బిగించారు. మడులు ఎండిపోతున్నాయి. టమాట కాయలు చెట్టు మీదే ముడతలు పడుతున్నాయి. దుఃఖంలో ఉన్నారని పంట ఆగదు కదా. భానుమూర్తి బావిలోకి దిగేముందు మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. సుందరయ్య పైనుంచి చూశాడు. చివరికి, “మీరు ఆగుర్రి, ఎట్ల బిగియ్యాల్నో చెప్పుర్రి,” అని తనే దిగాడు. ఒకరు చెబుతుంటే ఒకరు బిగించారు. పొగ ఒడ్డు దాటి, తంగేడు చెట్ల మీదుగా బయటికి పోయింది. ఎలీశమ్మ గుడిసెలో తలుపు వేసుకుని చెవులు మూసుకుంది. అయినా ఆ టుకు టుకు చప్పుడు నేలలోంచి వచ్చి ఆమె నడుముకు తగులుతూనే ఉంది. సాయంత్రం మడుల్లో నీళ్లు నిలిచాయి. మొక్కలు తలలెత్తాయి.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం లలితకుమారి వచ్చింది. పురిటికి పనికొస్తాయని మెత్తటి పాత చీరలు మూట కట్టి తెచ్చింది. ఎలీశమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది. లలితకుమారి గ్లాసు పట్టుకునే ఉంది, తాగలేదు.

“మేం రేపు ఊరెళ్లిపోతున్నాం ఎలీశమ్మా. ఇంక ఉండలేను. ఆయన రానన్నారు కానీ, రాత్రిళ్లు నిద్దట్లో లేచి కూచుంటున్నారు.” ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుంది. “నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. కానీ చెప్పకుండా ఎలా వెళ్లను? ఆయన ముందు రోజు కూడా బయల్దేరారు.”

ఎలీశమ్మకు అర్థం కాలేదు. “ఎక్కడికమ్మా?”

“గొట్టం కోసమే. కర్ఫ్యూ కాసేపు సడలిస్తే రాణిగంజ్ వెళ్లి, వెనక గుమ్మంలోంచి వాచ్‌మన్ని బతిమాలి గొట్టం తీసుకున్నారు. మలక్‌పేట దగ్గర ఎవరో కుర్రాళ్లు ఆపారు. నాలుగు మాటలు మాట్లాడించారు. మాట వినగానే తెలిసిపోతుంది కదా. సైకిలు టైర్లు కోశారు. గొట్టం లాక్కున్నారు, దాంతోనే వీపు మీద కొట్టారు. నడుచుకుంటూ ఇంటికొచ్చారు. చొక్కా విప్పితే వీపంతా కమిలిపోయి ఉంది. ఆ రాత్రంతా అదే మాట, ‘దానియేలు ఆగడు, నడిపేస్తాడు’ అని. తెల్లారాక పక్కింటి సైకిలడిగి, మా ఇంటి చూరుకి వాన నీళ్లు పోయే రేకు గొట్టం ఉంటుంది చూడు, అది ఊడదీసి కట్టుకుని వచ్చారు.”

లలితకుమారి ఆమె చేయి పట్టుకుంది. “నిన్ను బాధపెట్టాలని కాదమ్మా. ఆయన ఆలస్యం చెయ్యలేదని నీకు తెలియాలి. అంతే.”

“నేనొక మాటంటి అన్నను,” అంది ఎలీశమ్మ నెమ్మదిగా. “నీకు చెప్పిండా?”

“లేదు. ఏమన్నావు?”

ఎలీశమ్మ చల్లారిన చాయ్ గ్లాసు అందుకుని లేచింది.

మర్నాడు తెల్లవారగానే ఆమె బయల్దేరింది. ఏడో నెల కడుపుతో దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచింది. ఆ మాటను వెనక్కి తీసుకోవాలి, ఆయన కాళ్లు పట్టుకోవాలి, ఇంకేమీ అక్కర్లేదు అనుకుంటూ నడిచింది. ఇల్లు చేరేసరికి తలుపుకు తాళం ఉంది. చూరు చివర రేకు గొట్టం ఊడదీసిన చోట గోడకు రెండు మేకులు, పొడుగ్గా తెల్లటి చార మిగిలి ఉన్నాయి. ఇంటి ఆసామి భార్య సుమిత్రమ్మ బయటికి వచ్చింది.

“చీకట్లనె పోయిన్రమ్మా. సామాన్లు లారీల ఏసుకొని. ఏం గావాలె?”

“ఊరు పేరేందమ్మా వాళ్లది?”

“రేపల్లె అవుతల ఏదో అన్నరు. నాకు గుర్తు లేదు బిడ్డా. కూసో, మొఖమంత చెమటలు పట్టినయి.”

ఎలీశమ్మ ఆ అరుగు మీద కూర్చుంది. సుమిత్రమ్మ ఇచ్చిన నీళ్లు తాగింది. లేవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

వానలు పడ్డాక ఆడపిల్ల పుట్టింది. దానియేలు తల్లి పేరు కాంతమ్మ అని పెట్టారు. సుందరయ్య పట్నం వదిలి తోటకే వచ్చేశాడు. అల్లర్లు చల్లబడ్డాయి, ఉద్యోగం రాలేదు. హ్యాండిలు తిప్పడం, నూనె పోయడం అతని పనైంది. కొన్నాళ్లకు ఎలీశమ్మ కూడా నేర్చుకుంది. ఇంజను బాగా నడిచిన రోజు పంట బాగుండేది, పిల్లకు పాలు ఉండేవి. ఆమె దాన్ని తిట్టలేదు. దాని దగ్గర ఒక్క క్షణం ఎక్కువ నిలబడలేదు కూడా.

కాంతమ్మ పరుగెత్తే వయసుకు ఆ బాట వెంట కరెంటు స్తంభాలు వేశారు. కనెక్షన్ల కోసం తోటలు చూడటానికి జోగారావు అనే లైన్‌మన్ వచ్చాడు. ఆయన మాట వినగానే ఎలీశమ్మ చేతిలో పని వదిలేసి దగ్గరికి వచ్చింది.

“మీది ఏ ఊరు సారు?”

“గుంటూరు జిల్లానమ్మా. ఏం?”

“రేపల్లె దిక్కు భానుమూర్తి అని, ఇంజన్లు చేస్తడు. సన్నగుంటడు. ఎరుకేనా మీకు?”

జోగారావు కొంచెం ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. “అది చాలా పెద్ద తాలూకానమ్మా. అలా పేరు చెబితే ఎలా తెలుస్తుంది?”

ఆమె సరేనంది. జోగారావు బావి చుట్టూ తిరిగి చూసి, మోటారు ఎక్కడ పెట్టాలో గీత గీశాడు. “ఇంక నీకు ఈ పొగ గోల ఉండదమ్మా. మీట నొక్కితే నీళ్లు. వాసన లేదు, మసి లేదు.”

“పొగే ఉండదా?”

“ఇక్కడ ఉండదు. కొత్తగూడెంలో బొగ్గు కాలుస్తారు. పొగంతా అక్కడే. మనకి తీగ మీద కరెంటు ఒక్కటే వస్తుంది.”

“ఆ బొగ్గు యాడికెల్లొస్తది?”

“భూమిలోంచి. గనులుంటాయి కదా. మనుషులు లోపలికి దిగి తవ్వుతారు.”

పిల్ల వచ్చి ఎలీశమ్మ కుచ్చిళ్లు పట్టుకుంది.

“మన బాయి కన్న లోతుంటదా సారు?”

జోగారావు నవ్వాడు. “ఎంత మాటమ్మా. దీనికీ దానికీ పోలికే లేదు.”

“గాలి ఉంటదా లోపల?”

ఆయన నవ్వు ఆపి ఆమె ముఖం చూశాడు. ఏదో ఉందని తెలిసింది కానీ ఏమిటో తెలియలేదు. “పంపిస్తారులేమ్మా పైనుంచి. ఫ్యాన్లు ఉంటాయి,” అన్నాడు. తర్వాత కాస్త తగ్గించి, “ఒక్కోసారి ప్రమాదాలు కూడా జరుగుతుంటాయి అనుకో,” అన్నాడు.

“వాళ్లకు ఇండ్లల్ల ఆడోళ్లు ఉంటరు గద,” అంది ఎలీశమ్మ. అది ప్రశ్నో కాదో జోగారావుకు తెలియలేదు.

ఆమె పిల్లను ఎత్తుకుంది. నీళ్లు కావాలి, పంట కావాలి, పిల్లను బడికి పంపాలి. “పెట్టుర్రి సారు మోటారు,” అని చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మడుల వైపు నడిచింది.